నాలుగు గంటల సంతకం

నాలుగు గంటలకు ఆ పిల్ల ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే తల్లి కుట్టు దుకాణం నిలుస్తుంది, పిల్ల చదువు పోతుంది. పెట్టకపోతే చదువు నిలుస్తుంది, దుకాణానికి తాళం పడుతుంది. ప్రిన్సిపాల్ గదిలో గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది.

డిటెక్టివ్ ఆ గడియారాన్ని చూసి, తన చేతి గడియారం చూసుకుని, రెండింటికీ తేడా లేదని తేల్చుకున్నాకే గదిలో మనుషుల వంక చూశాడు. ముందు కాలం, తరవాత మనుషులు. అది ఆయన పద్ధతి. ఆ పద్ధతి చూసే ఒకప్పుడు ఆయనకు నత్త అని పేరు పెట్టారు. పెట్టిన మనిషి ఇప్పుడు ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ మనిషికి ఈయన పెట్టిన పేరు అత్తరు. మెట్ల దగ్గరే వాసన తగిలింది గనక లోపల ఎవరున్నారో డిటెక్టివ్‌కి తలుపు తీయకముందే తెలుసు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని పని చేసినవాళ్ళే. అత్తరు జీతం ఎక్కువని చెప్పి అప్పుల కంపెనీలో విచారణాధికారిగా చేరాడు. డిటెక్టివ్ బల్ల దగ్గరే మిగిలాడు.

"రెండంతస్తులు ఎక్కారు. నిన్న బయల్దేరారా నత్తగారూ?" అన్నాడు అత్తరు.

డిటెక్టివ్ బల్ల మీదున్న కాగితాలు రెండని లెక్కపెట్టుకున్నాడు.

అప్పు కథ పొడుగైనదేం కాదు. పోయినేడు ఈ కాలేజీ హాస్టల్లో చేరిన ఐదు వారాలకు, కాలేజీ వరండాలోనే వేసిన ఒక బల్ల దగ్గర ఆ పిల్ల లక్ష అప్పు తీసుకుంది. ఇప్పుడది లక్షా డెబ్బై వేలైంది. హామీ కాగితం మీద తల్లి సంతకం ఉంది. అటువంటి కాగితం ఒకటి ఉందని తల్లికి ఇవాళ ఉదయం తొమ్మిదింటికి, నోటీసు చేతికొచ్చాక తెలిసింది. పదింటికల్లా ఆవిడ డిటెక్టివ్ గుమ్మంలో ఉంది. పన్నెండేళ్ళుగా ఆయన చొక్కాలు కుట్టేది ఆవిడే. కొలతలు తీసుకునేటప్పుడు తప్ప ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు.

అత్తరు తన వాదన చెప్పాడు. సంతకం తల్లిది కాదంటే కూతురు దొంగ సంతకం పెట్టినట్టు. తల్లిదే అయితే అప్పు తల్లిది. కంపెనీకి రెండూ ఒకటే, కానీ కంపెనీకి జాలి ఉంది. పిల్ల తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చిందంటే తల్లి జోలికి రారు. రాసివ్వలేదంటే నాలుగు దాటగానే జప్తు కాగితం దుకాణానికి బయల్దేరుతుంది.

"ఇంట్లో ఉండేది మీరిద్దరే కదమ్మా. పాలు పోయాయంటే పిల్ల అయినా ఒలకబోయాలి, పిల్లి అయినా తాగి ఉండాలి. మీ ఇంట్లో పిల్లిని నేను చూళ్ళేదు," అన్నాడు తల్లితో, ఎంతో మర్యాదగా.

తల్లి పక్కన నిలబడ్డ పిల్ల, హాస్టల్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, గోళ్ళు చూసుకుంటూ, "పెట్టేస్తానమ్మా. మిషన్లు పోతే నువ్వేం చేస్తావ్," అంది. అప్పటికి అది మూడోసారి అనడం.

ప్రిన్సిపాల్ మెత్తటి మనిషి. అందరికీ మంచినీళ్ళు పోయించాడు. గొడవ పెద్దది కాకుండా గదిలోనే తేలిపోతే పిల్లకీ మంచిదే కదా బాబూ అని డిటెక్టివ్‌తో రెండుసార్లు చెప్పాడు.

డిటెక్టివ్ కాగితాలు రెండూ అడిగాడు. అత్తరు హామీ కాగితం ఇచ్చాడు. రెండోది, పిల్ల సంతకం పెట్టాల్సిన ఒప్పుకోలు పత్రం, టైపు చేసి మడిచి గాజు గుండు కింద పెట్టి ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి, "పెట్టాక చూద్దురుగాని," అన్నాడు.

హామీ కాగితాన్ని డిటెక్టివ్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మూడు నిమిషాలు చూశాడు. పేరు తిన్నగానే మొదలైంది. ఆఖరి తోక మాత్రం నీళ్ళలోంచి తల ఎత్తిన పాములా పైకి లేచింది.

"ఇది నాదిలాగే ఉందన్నయ్యగారూ, కానీ నాది కాదు. నాది ఇలా తోకెత్తదు," అంది తల్లి.

ఆయన తలూపి, పిల్లని బయటికి రమ్మన్నాడు. టైము రెండూ ఇరవై.

వరండా చివర బల్ల మీద కూర్చోబెట్టి ఆయన అడిగిన ప్రశ్నలు తొమ్మిది. పిచ్చుక మొదటిదానికి ఏడ్చింది, రెండోదానికి ముక్కు తుడుచుకుంది, మూడోదాని నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మెస్సు, గది కలిపి కట్టాల్సిన ఫీజుకి ఇక ఐదురోజులే గడువు. తల్లికి చెబితే కొత్తగా కొన్న మోటారు మిషను అమ్మేస్తుంది. ఆ మధ్యాహ్నం క్లాసు వదిలి వస్తుంటే వరండాలో గొడుగు, గొడుగు కింద బల్ల, బల్ల వెనక ఎప్పుడూ నవ్వే ఒకాయన కనిపించారు. ఫారం నింపినవాళ్ళకి సంచీ ఉచితం.

"అప్పుల కంపెనీ అని తెలీలేదా?"

"కాలేజీ గుర్తు ఉందండి బల్ల మీద. పైన విద్యార్థి సహాయ కేంద్రం అని రాసుంది. ఆయన మెళ్ళో మన ఆఫీసువాళ్ళు వేసుకునే రంగు పట్టీయే ఉంది. ఇంకేమనుకోను మామయ్యగారూ?"

సంచీలోంచి ఒక కరపత్రం తీసి ఇచ్చింది. తనని నమ్మడానికి ఇదొక్కటే ఉందని పద్నాలుగు నెలలు పుస్తకంలో దాచింది. నున్నటి కాగితం, నవ్వుతున్న నలుగురు పిల్లల బొమ్మ. డిటెక్టివ్ పశువుల సంత పక్క ఊళ్ళో పెరిగినవాడు. అమ్మేవాడు మెడలో గంట చూపిస్తాడు, కొనేవాడు పళ్ళు చూడాలి. ఆయన బొమ్మని వదిలేసి కొలతలు చూశాడు. కాలేజీ గుర్తు మూడు వేళ్ళ వెడల్పు. కంపెనీ పేరు చిటికెన గోరంత, అదీ అట్టడుగున. మధ్యలో నాలుగు పెద్ద ముక్కలు: పది నిమిషాల్లో మంజూరు, హామీ అక్కర్లేదు, వడ్డీ తొమ్మిది శాతం నుంచి, ఈ వారమే.

"వడ్డీ ఎంతన్నాడు?"

"తొమ్మిదండి."

ఆయన 'నుంచి' అన్న మాట కింద గోరు పెట్టాడు. "ఎక్కణ్ణుంచో చెప్పాడు. ఎక్కడిదాకానో చెప్పలేదు."

పిల్ల ఆ మాట మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. హామీ అక్కర్లేదు అన్నచోట ఒక చుక్క ఉంది. ఆ చుక్కని పట్టుకుని కిందికి దిగితే నువ్వుగింజంత అక్షరాలు తగిలాయి. వడ్డీ కంపెనీ నిర్ణయం మేరకు మారును. హామీదారు అవసరమా కాదా అన్నది కంపెనీ నిర్ణయించును. ఈ ప్రకటనతో కళాశాలకు ఏ సంబంధమూ లేదు.

సంబంధం లేనివాడికి వరండాలో బల్ల ఎవరు వేయించారు, మెళ్ళో పట్టీ ఎవరిచ్చారు అన్న ప్రశ్నని డిటెక్టివ్ పైకి అనలేదు. జేబులో వేసుకున్నాడు.

బ్యాంకులో ముందు అడగలేదా అంటే, బ్యాంకువాళ్ళు నెల తిప్పుతారు, ఈలోగా పేరు కొట్టేస్తారు అని చెప్పారండి అంది. ఎవరు చెప్పారంటే, ఆ నవ్వే ఆయనే. కోడిపిల్లల గూడు ఏ దిక్కున కడితే మంచిదో నక్కని అడిగి తెలుసుకున్నట్టుంది. ఆయన ఆ మాట కూడా అనలేదు. పిల్ల మొహం చూస్తే దానికే అర్థమైనట్టు ఉంది.

ఆరు చోట్ల సంతకం పెట్టానంది. చదవలేదు, ఆయన వేలుతో ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తూ పోయాడు. హామీదారు పేరు రాయాల్సిన చోట మాత్రం తనే అడిగి 'లేరు' అని రాసింది. ఆయన నవ్వి సరేనన్నాడు.

"హామీ సంతకం పెట్టేచోటు ఖాళీగా ఉండగానే నువ్వు లేచి వచ్చేశావు."

"అవునండి. నాలుగో రోజున డబ్బు పడింది. ఫీజు కట్టేశాను. అమ్మకి స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్పాను." అక్కడ మళ్ళీ ఏడ్చింది.

రెండూ నలభై ఐదుకి ఆయన తల్లిని వరండాలోకి పిలిచి పక్కన కూర్చున్నాడు. నోటుపుస్తకం, పెన్ను ఇచ్చి సంతకం ఐదుసార్లు పెట్టమన్నాడు. ఆవిడ పెట్టింది. ఐదింటి తోకలూ గోడకి దిగ్గొట్టిన మేకుల్లా తిన్నగా కిందికే దిగాయి. ఎక్కడైనా వేరేగా పెట్టడం ఉందా అంటే, పిల్ల మూడో తరగతి మార్కుల కార్డు దగ్గర్నుంచి ఇంతే, వేరేగా పెట్టమన్నా చేతకాదంది.

డిటెక్టివ్ సంతకాలు చూడ్డం మానేసి పెన్ను పట్టుకున్న చెయ్యి చూశాడు. కుడిచేతి చూపుడువేలి గోరు నడిమికి ఒక నల్లటి గీత. గోరు రెండుగా చీలి తిరిగి అతుక్కున్న గుర్తు.

"సూది దిగిందా?"

"మోటారు మిషనండి. ఇరవై ఏళ్ళు తొక్కుడు మిషను మీద పని చేసిన కాలు కదా. కొత్తది తెచ్చిన మూడోరోజు, అలవాటు కొద్దీ పెడలు మీద గట్టిగా తొక్కాను. అది తొక్కితే ఆగేదా, ఉరికింది. వేలు కింద ఉండిపోయింది." చెబుతుంటే ఆవిడకి కొంచెం సిగ్గు. కుట్టుపని చేసేవాళ్ళు వేలు కుట్టుకున్నామని చెప్పుకోరు.

"ఎప్పుడు?"

"బుజ్జిని ఇక్కడ చేర్చడానికి ముందు రోజు. బొటనవేలంత కట్టు కట్టించుకుని వచ్చాను. ఆ రోజు పెన్ను ఈ రెండు వేళ్ళ సందున ఇరికించి..."

ఆవిడ ఆగిపోయింది. డిటెక్టివ్ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు ఎన్నిచోట్ల పెట్టారమ్మా?"

"ఒక్కచోటే. ఫీజు కాగితాలన్నీ బుజ్జే పెట్టుకుంది. నాతో హాస్టలు కార్డు మీద పెట్టించారంతే. పిల్లని ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద సంతకం సరిపోల్చుకోవడానికట. తోక ఇలా పైకి పోయింది, మళ్ళీ పెడతానంటే వార్డెనమ్మ పర్లేదంది." ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "కట్టు పదిరోజులకే విప్పేశారన్నయ్యగారూ."

నత్త అని పేరు పెట్టినవాడు ఆ క్షణాన చూస్తే తన మాట వెనక్కి తీసుకునేవాడు. డిటెక్టివ్ రెండంతస్తులూ రెండేసి మెట్లు దిగి, ఆటస్థలం అడ్డంగా దాటి, మూడూ ఎనిమిదికి హాస్టలు ఆఫీసు తలుపు తట్టాడు.

వార్డెన్ యాభై ఏళ్ళ మనిషి. నడుముకి తాళాల గుత్తి. తన హాస్టల్లో సూది పోయినా తనకి తెలుస్తుందని చెప్పుకుంటుంది, అది చాలావరకు నిజం కూడా. కార్డులు చూడాలంటే ఎందుకని అడిగింది. ఒక తల్లి దుకాణం పోతోంది అన్నాడు. ఆవిడ ఇంకేం అడగకుండా ఇనప బీరువాలోంచి రేకు పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. లోపల నూట అరవై అట్ట కార్డులు, గది నంబర్ల వరసలో.

పిచ్చుక కార్డు నలభై రెండో గది వరసలో దొరికింది. తోక పైకి లేచి ఉంది. హామీ కాగితం మీద ఎలా లేచిందో అలాగే, వెంట్రుకవాసి తేడా లేదు. డిటెక్టివ్ కార్డుని కిటికీ వెలుగులోకి ఏటవాలుగా పట్టుకున్నాడు. సిరా గీత పక్కనే, దాన్ని అంటిపెట్టుకుని, అట్టలోకి దిగిన సన్నటి గాడి కనిపించింది. వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమాడు. ఉబ్బు తగిలింది.

వార్డెన్‌కి ఇచ్చాడు. ఆవిడా తడిమింది. "దీని మీద ఎవరో దిద్దారు," అంది.

"మిగతావి చూద్దాం."

మొదట ఆవిడ ఒప్పుకోలేదు. తన పెట్టెలో ఇంకోటి ఉండడానికి వీల్లేదంది. డిటెక్టివ్ ఒకటో గది నుంచి మొదలుపెట్టాడు. మూడో కార్డుకే గాడి కనపడింది. అప్పుడావిడ కళ్ళజోడు తగిలించుకుని ఆఖరి గది నుంచి వెనక్కి చూసుకుంటూ రావడం మొదలుపెట్టింది. కార్డు ఎత్తడం, ఏటవాలుగా పట్టుకోవడం, వెనక తడమడం, పక్కన పెట్టడం. చింతగింజలు ఏరుతున్నట్టు ఇద్దరి చేతులూ ఆగకుండా ఆడాయి. మూడూ ముప్ఫై మూడుకి ఇరవై ఆరో గది దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. గాడి పడ్డవి ముప్ఫై ఒకటి.

ముప్ఫై ఒక్కమంది తల్లులో తండ్రులో, తాము ఎన్నడూ చూడని కాగితాలకి కట్టుబడి ఉన్నారు. నోటీసు అందినది ఒక్కరికే.

వార్డెన్ మొహం పాలిపోయింది. పెట్టె గది దాటి ఎప్పుడైనా పోయిందా అని అడిగితే బీరువా తాళం పుస్తకం తీసింది. ఎవరు, ఏ వస్తువు, ఏ పూట, వెనక్కి ఎప్పుడు, అన్నీ గళ్ళలో రాసి ఉన్నాయి. పద్నాలుగు నెలల్లో పెట్టె ఒక్కసారే దాటింది. శనివారం సాయంత్రం ఐదింటికి పోయింది, సోమవారం ఉదయం తొమ్మిదింటికి వచ్చింది. కాలేజీ ఆఫీసు ముద్ర వేసిన చీటీ వస్తే ఇచ్చింది. పిచ్చుక బల్ల దగ్గర ఫారం నింపింది ఆ ముందు రోజు, శుక్రవారం. డబ్బు పడింది సోమవారం సాయంత్రం.

పెట్టె మొత్తం ఇమ్మంటే ఆవిడ ఇవ్వలేదు. "ఒకసారి ఇచ్చి చూశాను కదా బాబూ," అంది. పిచ్చుక కార్డు ఒక్కటి, తాళం పుస్తకంలో డిటెక్టివ్ చేత రాయించుకుని ఇచ్చింది. అప్పటికి మూడూ నలభై.

ఆయన మెట్లెక్కి వచ్చేసరికి ప్రిన్సిపాల్ అప్పుడే ఫోను పెట్టేస్తున్నాడు. పిచ్చుక బల్ల ముందు నిలబడి ఉంది. చేతిలో అత్తరు ఇచ్చిన పెన్ను, మూత తీసి. గడియారంలో మూడూ నలభై ఆరు.

"మూత పెట్టు," అన్నాడు డిటెక్టివ్.

కార్డు బల్ల మీద పెట్టి హామీ కాగితం పక్కకి జరిపాడు. గోరు చీలడం, కట్టు, పైకి లేచిన తోక, ముప్ఫై ఒక్క గాళ్ళు, అన్నీ కలిపి ఆయన చెప్పింది ఆరు వాక్యాలు. కట్టు ఉన్నది పదిరోజులు. హామీ కాగితం మీది తేదీకి చేరి ఐదు వారాలైంది. ఆ తేదీన ఆ సంతకం తల్లి పెట్టాలన్నా అలా పడదు.

తల్లి కార్డు అందుకుని వెనక తడిమింది. ఆవిడకి వార్డెన్‌కి పట్టినంత సేపు కూడా పట్టలేదు. "ఇది కార్బన్ కాగితం పెట్టి దించిందండీ. జాకెట్ల మీద పువ్వులు మేం ఇలాగే దించుతాం. కింద గుడ్డ మీద పడిన గీత మీద దారం పోనిస్తాం. వీళ్ళు సిరా పోనిచ్చారు."

అత్తరు తల పక్కకి వంచి విన్నాడు. తరవాత చప్పట్లు కొట్టాడు, మెల్లగా, మూడు.

"బాగుంది. తల్లి పెట్టలేదని మీరే రుజువు చేశారు. నేను మొదట్నుంచీ అన్నదీ అదే. కార్డు ఉన్నది హాస్టల్లో. పిల్ల ఉన్నదీ హాస్టల్లో. దించింది ఎవరు?"

తల్లి చెయ్యి పిల్ల భుజం మీదికి పోయింది. మాట మీద బతికేవాడు అత్తరు, ఆ మాట గట్టి దెబ్బే. డిటెక్టివ్ కొంచెంసేపు పిల్ల మొహంలోకి చూశాడు. వరండాలో ఆయన అడగని పదో ప్రశ్న ఒకటి ఉంది.

"అమ్మ సంతకం నువ్వెప్పుడైనా పెట్టావా?"

పిచ్చుక తల్లి వైపు చూసింది, నేల చూసింది. "ఈ కాగితం మీద కాదండి."

"మరి?"

"ఎనిమిదో తరగతిలో. లెక్కల్లో పదకొండొచ్చాయి."

"ఏమేవ్," అంది తల్లి.

"తొమ్మిదిలో కూడా రెండుసార్లమ్మా."

డిటెక్టివ్ నోటుపుస్తకం తెరిచి ముందుకి తోశాడు. "పెట్టు."

పిల్ల పెట్టింది. ఊపిరి తీసినంత సేపట్లో, చూసి రాయాల్సిన పని లేకుండా, ఐదు సంతకాలు. ఐదింటి తోకలూ తిన్నగా మేకుల్లా దిగాయి. పై పేజీలో తల్లి పెట్టిన ఐదింటి పక్కన పెడితే ఏది ఎవరిదో పెట్టినవాళ్ళకి తప్ప తెలియదు. తల్లికి ఏడవాలో చెవి మెలిపెట్టాలో తోచక రెండూ కొంచెం కొంచెం చేసింది.

"ఈ పిల్లకి కార్బన్ కాగితం దేనికి?" అన్నాడు డిటెక్టివ్. "అసలు సంతకం చేతిలో ఉన్నది ఈ పిల్లకే. తోక ఎత్తింది తప్పని తెలియనివాడే తోకతో సహా దించాడు. వాడు ఆవిడ సంతకం జన్మలో ఒక్కసారే చూశాడు."

అత్తరు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. కాలు మీంచి కాలు తీశాడు. తప్పు ఒప్పుకోవడం రాని మనిషికి అంతకన్నా ఏం వస్తుంది. పని తెలిసినవాడు గనక, మిగతా ముప్ఫై కార్డులు ఎక్కడున్నాయని అడిగాడు. హాస్టల్లో ఉన్నాయన్నాడు డిటెక్టివ్. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఇదంతా కంపెనీ మనుషుల నిర్వాకమేననీ, పాపం పిల్ల ఎంత నలిగిపోయిందో అనీ నొచ్చుకున్నాడు. ఇక ఆ ఒప్పుకోలు కాగితంతో పనేముంది, చించేద్దాం బాబూ అని చెయ్యి చాపాడు.

అత్తరు కూడా గాజు గుండు తీశాడు. ఆ చెయ్యి ఈ చెయ్యి కలిసేలోగా డిటెక్టివ్ వేలు కాగితం మీద ఆనింది.

"ఇందులో ఏముందో నువ్వు చదివావా అమ్మాయీ?"

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. ఎక్కడ పెట్టాలో చూపించారంతే.

"పైకి చదువు."

"ఇప్పుడెందుకు బాబూ," అన్నాడు ప్రిన్సిపాల్.

"పెట్టినా పెట్టకపోయినా చదవాలి. మొదట్నుంచి చదువు."

పిల్ల మడత విప్పి చదివింది. ఇంత మొత్తం అప్పు తీసుకున్నానని ఉంది. ఫలానా తేదీన అని ఉంది. కాలేజీకి గాని కాలేజీ సిబ్బందికి గాని ఇందులో ఎటువంటి ప్రమేయమూ లేదని రెండుసార్లు ఉంది. "మా అమ్మగారి సంతకాన్ని, హాస్టలు కార్డు మీద ఉన్న నమూనా చూసి, కార్బన్ కాగితం సాయంతో హామీ పత్రం మీదికి దించితిని."

అక్కడ ఆగింది. మళ్ళీ ఆ వాక్యమే మనసులో చదువుకుంది. తల ఎత్తి, "మామయ్యగారూ, కార్డు సంగతి మీరు ఇప్పుడే కదా కనిపెట్టారు?" అంది.

డిటెక్టివ్ అత్తరు వైపు చూశాడు. కార్డు సంగతి ఈ గదిలో ఎవరికైనా తెలిసి పావుగంట కాలేదు. ఆ కాగితం రెండింటికి ముందే టైపు అయి గాజు గుండు కింద ఉంది.

"నేను తెచ్చింది కాదు," అన్నాడు అత్తరు. మర్యాద, వెటకారం రెండూ గొంతులోంచి పోయాయి. "నేను పొద్దున చదివాను కూడా. కార్డు అంటే ఏ కార్డో అనుకుని వదిలేశాను. తయారుచేసి ఉంచామని ఈ గదిలోనే చేతికిచ్చారు."

ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు. ఆ గుడ్డ ఎప్పుడో కింద పడిపోయింది. ఉత్త వేళ్ళతో తుడుస్తున్నాడు.

ఫోను మోగింది.

ప్రిన్సిపాల్ చెయ్యి లేచింది. డిటెక్టివ్ చెయ్యే ఫోనుకి దగ్గర. ఆయన రిసీవరు ఎత్తి ఏమీ మాట్లాడకుండా చెవి దగ్గర పెట్టుకున్నాడు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే అవతలి గొంతు అందరికీ వినపడింది. వార్డెన్ గొంతు. ఎవరూ వినకూడదన్నట్టు తగ్గించి మాట్లాడుతోంది.

"సార్, మీరు పంపించిన మనుషులు ఇద్దరూ వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. కార్డుల పెట్టె ఇప్పుడే కావాలంటున్నారు. చీటీ లేదు. ఇవ్వమంటారా?"

కుర్చీ కిర్రుమంది. ప్రిన్సిపాల్ లేవబోయాడు. అత్తరు చెయ్యి ఆయన భుజం మీద పడింది, ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

"ఇవ్వకండమ్మా," అన్నాడు డిటెక్టివ్. "ఇందాక మన కళ్ళు చూసినవి చాలు. పెట్టె బీరువాలో పెట్టి, ఆఫీసు తలుపు లోపల గడియ వేసుకోండి. మేం వస్తున్నాం."

గొంతు ఎవరిదో ఆవిడకి తెలిసింది. తరవాత తాళాల గుత్తి గలగల, బీరువా మూసిన మోత, ఆ వెనక గడియ పడిన చప్పుడు వినిపించాయి.

అత్తరు అప్పటికే గుమ్మం దాటి మెట్ల మీద ఉన్నాడు. తల్లి పిల్లని వెనక్కి లాక్కుని ప్రిన్సిపాల్ కుర్చీకీ తలుపుకీ మధ్య నిలబడింది, ఎవరూ చెప్పకుండానే.

రిసీవరులో వార్డెన్ ఊపిరి దగ్గరగా వినపడింది. ఈసారి గొంతు ఇంకా చిన్నదైంది.

"గడియ వేశాను బాబూ. కానీ ఒకడు అప్పటికే లోపలికి వచ్చేశాడు."